బయట అంటే ఎవరి ఇల్లు?

హుస్సేనీ ఆలం,
5 జులై 2020

నీహారికా,

ఊరంతా నోరు మూసుకోమంటున్న కాలంలో, పొద్దున లేచిన దగ్గర నుంచి జనం చేత నోళ్ళు తెరిపించే వృత్తి నీది. కాబట్టి జాగ్రత్తగా ఉండమని నీకు చెప్పను. దంతవైద్యురాలివి, నాకన్నా నీకే ఎక్కువ తెలుసు. నేను అడుగుతాను. అడగడం ఒక్కటే ఈ వయసులో నాకు మిగిలిన వ్యాయామం.

ఫోనులో నీ మాట నాకు ఎడమ చెవిలో గాలిలాగా, కుడి చెవిలో ఈలలాగా వినిపిస్తోంది. వీడియోలో పెదవులు చూసి పోల్చుకుందామంటే ఆ మూతిగుడ్డ ఒకటి. అందుకే ఉత్తరం. మీ నాన్న రోజూ ఆఫీసుకి దబీర్‌పురా మీదుగానే పోతాడు గనుక నీ క్యారియర్‌తో పాటు దీన్నీ మోస్తాడు. శ్రీహరిరావుని ఇంత చదివించింది ఊరికే పోలేదు, తపాలా బంట్రోతుగా పనికొచ్చాడు.

నువ్వు క్లినిక్కు మీది గదిలో మకాం పెట్టి నెల దాటింది. నా వయసుకు భయపడి ఇంటికి రావడం లేదని మీ నాన్న అంటాడు. నా నోటికి భయపడి అని నేననుకున్నాను. ఏది నిజమో నువ్వే రాయి.

నిన్న పక్కింటి లలితమ్మ గోడ అవతల నుంచి, "చూశారా పిన్నిగారూ, మన పెద్దవాళ్ళ మడిలో ఎంత సైన్సు ఉందో ఇప్పటికి తెలిసింది లోకానికి" అంది. మా అత్తగారి మడి నాకు తెలుసు. తడిబట్ట కట్టుకుని అందర్నీ దూరం దూరం అని అదిలించి, ముక్కు తుడుచుకున్న చేత్తోనే ఆవకాయ జాడీ మూత తీసేది. మడి కట్టుకున్నవాళ్ళు శుభ్రం, మిగిలిన లోకమంతా మైల. మీ డాక్టర్ల పద్ధతి దానికి సరిగ్గా తిరగేసినదని నా ఊహ. ఎదుటివాడి మీద ఎంత అనుమానమో తన మీద తనకూ అంతే అనుమానం. అవునా? ఆడపిల్లల బడిలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని, విడమరిచి రాస్తే అర్థమవుతుంది. ఆ గదిలో నువ్వేం చేస్తావు, దేని తర్వాత ఏది, ఎందుకు? అన్నీ రాయి.

దోసకాయ పచ్చడి అడుగున ఉంది. ముందు అన్నం తిను.

మీ నానమ్మ,
కోటేశ్వరమ్మ


దబీర్‌పురా,
9 జులై

నానమ్మా,

ముందు నీ వయసుకే భయపడ్డాను. నీ నోటికి భయం రెండో కారణం. పచ్చడి మస్తుగా ఉంది.

నువ్వు ఊహించింది కరెక్టే. మాకు ఇక్కడ అందరూ అనుమానితులే, నాతో సహా. పంటిని డ్రిల్‌తో తొలిచేటప్పుడు వేడెక్కకుండా నీళ్ళు చిమ్ముతూ ఉండాలి. ఆ నీళ్ళు పేషెంటు ఉమ్ముతో కలిసి సన్నటి తుంపరగా గాల్లోకి లేస్తాయి. కంటికి కనపడవు. చాలాసేపు తేలుతూనే ఉంటాయి. మా పాట్లన్నీ దానితోనే. అందుకని నొప్పి, వాపు ఉన్నవాళ్ళనే చూస్తున్నాను, మిగతావాళ్ళకి ఫోన్లోనే మందులు. కుర్చీలో కూర్చోగానే మందు నీళ్ళతో పుక్కిలించమంటాం. పంటి చుట్టూ రబ్బరు తెర కడతాను, ఉమ్ము దాన్ని దాటి రాదు. ఉమ్మునీ నీళ్ళనీ పీల్చే గొట్టం పెదవికి తగిలిస్తాను. నా ముఖానికి గట్టి మాస్కు, దాని మీద ఇంకోటి, దాని మీద అద్దంలాంటి తెర. బయటికొచ్చేసరికి ఆవిరి కుడుములా ఉంటాను.

ఏసీ బంద్. వెనక కిటికీకి పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించాను. టిష్యూ కాగితం దగ్గరికి తీసుకుపోతే లాక్కుని జాలీకి అంటించేసుకుంటుంది. తుంపరంతా బయటికి పోతుంది.

డ్రిల్ నడిచేటప్పుడు నా అసిస్టెంటు సుశీలను గదిలో ఉంచను. పక్కనున్న మూలగదిలోకి పోయి తలుపేసుకుంటుంది. పనిముట్లు కడిగేదీ, వాటిని ఆవిరిలో పెట్టేదీ అక్కడే. ఆటోక్లేవ్ అంటారు, మన ప్రెషర్ కుక్కర్‌కి పెదనాన్న అనుకో. అది నడుస్తుంటే ఆ ఇరుకులో ఊపిరాడనంత ఉక్క. పాపం కళ్ళు తిరుగుతున్నాయంటే, తలుపు మూసే ఉందిగా, ఇక్కడ మాస్కు తీసెయ్ అన్నాను. మా దగ్గర అన్నిటికన్నా భద్రమైన చోటు అదే.

నిన్న బాబురావు గారని ఒకాయన చెంప బూరెలా వాచి వచ్చారు. చీము. డ్రిల్ వాడక తప్పలేదు. అరగంట పట్టింది. ఇవాళ హాయిగా నిద్రపోయానని ఫోన్ చేశారు.

రేపు పురానాపూల్‌లో సుశీల పెదనాన్న కొడుకు డానియేలు పెళ్ళి. మనకి ఆషాఢం గానీ వాళ్ళకి అడ్డులేదు కదా. పోవద్దని గట్టిగా చెప్పాను. సరే మేడమ్ అన్నది.

నీ నీహారిక


దబీర్‌పురా,
18 జులై

నానమ్మా,

నాన్న చెప్పే ఉంటారు. సుశీలకి సోమవారం జ్వరం వచ్చింది, నిన్న పాజిటివ్ అని తేలింది. నాకు నెగటివ్. కాబట్టి నాకోసం దండకాలు చదవకు.

పెళ్ళికి పోయింది నానమ్మా! వద్దని అన్నిసార్లు చెప్పినా పోయింది. ఫోన్లో గద్దించి అడిగితే ఒప్పుకున్నది. "దూరంకెల్లే చూసిన మేడమ్, గేటు కాడనే నిలబడ్డ, అన్నం గూడ తినలె. చిన్నప్పటి సంది నన్ను ఎత్తుకొని తిప్పిన అన్న, గాయన పెండ్లి గూడ సూడొద్దా?" అంటూ ఏడుపు. గేటు దగ్గర నిలబడ్డదో, లోపల డాన్సు చేసిందో ఎవరికి తెలుసు? ఇప్పుడు వాళ్ళమ్మ రాజమణికి కూడా జ్వరం మొదలైంది.

ఇంకో విషయం. బాబురావు గారికీ పాజిటివ్ వచ్చిందట, నా దగ్గరికొచ్చిన రెండో రోజే తేలింది. ఆయన నోట్లోకి వంగి అరగంట పని చేసినదాన్ని నేను. నాకే రాలేదంటే మా జాగ్రత్తలన్నీ పనిచేసినట్టే కదా! ఇక తలుపు అవతల ఉన్న సుశీలకి క్లినిక్కులో ఎలా వస్తుంది? పెళ్ళిలోనే.

నమ్మకం పోయాక ఈ పని కలిసి చెయ్యలేం. తగ్గాక కూడా రానక్కర్లేదని చెప్పేశాను. సోమవారం నుంచి వీణ అనే అమ్మాయి వస్తుంది. నేను చేసింది తప్పంటావా?

నీహారిక


హుస్సేనీ ఆలం,
21 జులై

నీహారికా,

తప్పా ఒప్పా అన్నది చివర. నువ్వు జవాబు ముందు రాసి లెక్క తర్వాత చేశావు. మా బడిలో అలా చేసిన పిల్లల్ని బల్ల ఎక్కించేదాన్ని.

నాకు కొన్ని సంగతులు తెలియాలి. ఆ పెళ్ళిలో ఇంకెవరికైనా జ్వరం వచ్చిందా? పెళ్ళికొడుకుకి? పెళ్ళికూతురికి? అన్నాలు వడ్డించినవాళ్ళకి? గేటు దగ్గర నిలబడ్డ మనిషిని వెతికి పట్టుకుని, పందిట్లో ఉన్నవాళ్ళని వదిలేసిన రోగం నాకు కొత్తగా ఉంది.

రెండోది. బాబురావు గారి నోటి దగ్గర నీకు రాలేదు గనుక సుశీలకి రాదన్నావు. నీ ముఖం మీద రెండు మాస్కులు, ఒక అద్దం. ఆమె ముఖం మీద? గొడుగు వేసుకున్నవాళ్ళు తడవలేదు కాబట్టి వాన పడలేదని అనవచ్చునా?

మూడోది నిజంగా నాకు తెలియక అడుగుతున్నాను. ఆ ఫ్యాను తుంపరని బయటికి పంపుతుందని రాశావు. బయట అంటే ఎక్కడ?

పనిలోంచి తీసేశావు సరే, తినడం మానదు కదా ఆ పిల్ల. తల్లీకూతుళ్ళకి చారూ అన్నమూ మీ నాన్న చేత పురానాపూల్ పంపిస్తున్నాను. గడప బయట పెట్టి, తలుపు తట్టి, పరుగెత్తుకొస్తున్నాడు. ఈ వయసులో మీ నాన్న పరుగెత్తడం చూడాలని నాకు ఎప్పటినుంచో ఉంది.

కోటేశ్వరమ్మ


దబీర్‌పురా,
24 జులై

నానమ్మా,

అంటే నువ్వూ నన్నే అంటున్నావు. నా క్లినిక్కులోనే రోగం అంటుకుందని తిరిగి తిరిగి అదే. సూటిగా అనొచ్చు కదా, ప్రశ్నలు ఎందుకు?

ఇక పురానాపూల్‌కి నువ్వు పంపిన క్యారియర్. అది నా తరఫున తప్పు ఒప్పుకున్నట్టు కాదా? "డాక్టరమ్మ ఇంట్లకెల్లి అన్నం వస్తున్నది, ఏదో ఉన్నది" అని ఆ గల్లీలో లొల్లి అయిందట. దబీర్‌పురా దాకా వచ్చింది. నిన్న ఇద్దరు పేషెంట్లు అపాయింట్‌మెంట్ వద్దన్నారు. ఈ ఒక్క క్లినిక్కు కోసం నేను ఎంత కష్టపడ్డానో నీకు తెలీదా?

అడిగావు గనుక చెప్తున్నాను. పెళ్ళిలో ఎవరికీ ఏమీ లేదట. ఉన్నా చెప్పుకుంటారా ఎవరైనా? మూలగదిలో మాస్కు తియ్యమన్నది నేనే. తలుపు వేసి ఉంటే అది వేరే గది. ఫ్యాను గాలి బయటికి పోతుంది. బయట అంటే బయటే.

రాజమణిని నిన్న దవాఖానాలో చేర్చారు. ఆక్సిజన్ పెట్టారట. ఇంక ప్రశ్నలు వద్దు.

నీహారిక


హుస్సేనీ ఆలం,
26 జులై

నీహారికా,

ప్రశ్నలు వద్దంటే నాకు ఉత్తరంలో రాయడానికి వాతావరణం ఒక్కటే మిగులుతుంది. ఉక్కగా ఉంది. అయిపోయింది. ఇక ప్రశ్నలకొద్దాం.

నేను నిన్ను అనదలిస్తే మొదటి వాక్యంలోనే అని, రెండో వాక్యంలో నీకు కూర ఏం పంపమంటావని అడిగేదాన్ని. పుట్టినప్పటి నుంచి చూస్తున్నావు, నా పద్ధతి తెలియదా? నాకు తెలియనిది అడిగాను, అంతే. అన్నం కూడా అంతే. జ్వరంతో ఉన్న ఇంట్లో పొయ్యి వెలగదని పంపాను. దానికి గల్లీ ఏ అర్థం చెప్పుకున్నా గల్లీ ఇష్టం.

నీ ఉత్తరంలో ఒక మాట నన్ను నిద్ర పోనివ్వలేదు. బయట అంటే బయటే. నీహారికా, పెళ్ళై ఈ ఊరొచ్చిన దగ్గర నుంచి పాతబస్తీలోనే ఉన్నాను. ఇక్కడ బయట అనేది ఉండదే. గోడకి గోడ, మెట్టుకి మెట్టు ఆనుకుని కట్టుకున్న ఇళ్ళు. ఒకరి బయట ఇంకొకరి లోపల. లలితమ్మ ఇంట్లో ఎండుమిరపకాయ పోపు వేస్తే నేను స్నానాలగదిలో దగ్గుతాను. ఆవిడ తలుపు వేసే ఉంటుంది, నా తలుపూ వేసే ఉంటుంది. పోపు మాత్రం పైన జాలీలోంచి దిగివస్తుంది. రెండిళ్ళ మధ్య సందులో గాలి పైకి పోదు, ఎవరో రేకు కప్పారు.

నీ ఫ్యాను దగ్గర కాగితం పెట్టి చూశావు. గాలి గదిలోంచి పోతోందని తేలింది. ఎక్కడికి పోతోందో కాగితం చెప్పదు, జాలీకి అంటుకుని ఊరుకుంటుంది. వెంట పోయేది కావాలి.

మీ బజారులో జుమేరాత్ నాడు దుకాణం దుకాణానికీ సాంబ్రాణిలా లోబాన్ పొగ పట్టే ఆయన వస్తాడుగా, నువ్వు ఎప్పుడూ వద్దని పంపేస్తావు. గురువారం రానియ్యి. పేషెంట్లు లేనప్పుడు, డ్రిల్ నడిచేచోట నిలబెట్టి, ఫ్యాను వేసి, ఆ పొగ ఎటు పోతుందో చూడు. ఏమీ తేలకపోతే క్లినిక్కు సువాసన వేస్తుంది, నేను క్షమాపణ పంపిస్తాను, గుత్తివంకాయ కూరతో.

ఇప్పుడు ఆ మూలగదిలో వీణ నిలబడుతోందని మరిచిపోకు.

నానమ్మ


దబీర్‌పురా,
30 జులై, గురువారం

నానమ్మా,

గుత్తివంకాయ వద్దు.

లోబాన్ ఆయన పొద్దున పదింటికే వచ్చాడు. మెడలో మాస్కు, చేతిలో నిప్పుల గిన్నె. "క్యా డాక్టర్ అమ్మా, ఇత్తె దినాఁ నక్కో నక్కో బోలే, ఆజ్ క్యా హువా?" అన్నాడు. ఇన్నాళ్ళూ వద్దు వద్దని, ఇవాళ ఏమైందని. లోపలికి రమ్మన్నాను, కుర్చీ పక్కన నిలబడమన్నాను. మాస్కు పైకి లాక్కోమంటే, "మాస్క్ పహన్‌కే ధువాఁ! ఖుదా కీ షాన్!" అని నవ్వి లాక్కున్నాడు. మాస్కు పెట్టుకుని పొగ వెయ్యడమేమిటని. గిన్నెలో గుప్పెడు లోబాన్ వేసి అట్టముక్కతో విసిరాడు.

చూడాల్సిన దృశ్యం నానమ్మా. తెల్లటి పొగ కుర్చీ మీద లేచి, తాడు కట్టి లాగినట్టు నేరుగా ఫ్యాను దగ్గరికి పోయి, ఒక్క పోగు మిగలకుండా మాయమైంది. ముందు గదిలోకి ఇంత కూడా రాలేదు. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. నీకు రాయాల్సిన వాక్యం కూడా మనసులో తయారు చేసుకున్నాను, బాగా పదునుగా.

అప్పుడు మూలగది తలుపు అవతల నుంచి వీణ దగ్గు. ఆగకుండా దగ్గు.

"మేడమ్! గీడికే వస్తున్నది పొగంత! కండ్లు మండుతున్నయ్!"

తలుపు తీశాను. ఆ గదికి పైన, కప్పుకి దగ్గరగా గాలీ వెలుతురూ రావడానికి వదిలిన పాత రోషన్‌దాన్ ఒకటి ఉంది. ఇటుకంత వెడల్పు, మట్టి జాలీ. అది ఉందని నాకు గుర్తే లేదు, ఎప్పుడూ తల ఎత్తి చూడలేదు. ఆ జాలీలోంచి పొగ జారుతోంది. తొందరేమీ లేకుండా, పాలు పొంగి గిన్నె అంచు మీద నుంచి దిగినట్టు. నా కిటికీ వెనక ఉన్నది కూడా మన స్నానాలగది దగ్గరి సందులాంటిదే. మూరెడు వెడల్పు, పైన రేకు. ఫ్యాను పొగని అందులోకి తోస్తోంది. వెళ్ళడానికి దానికి ఇంకో దారి లేదు, పక్క జాలీలోంచి లోపలికే వస్తోంది.

లోబాన్ ఆయన గిన్నె పట్టుకుని మా ఇద్దరినీ చూసి, "ఔర్ డాలూఁ?" అన్నాడు. ఇంకా వెయ్యాలా అని. చాలన్నాను.

బాబురావు గారి రోజున అరగంట డ్రిల్ నడిచింది. ఆ అరగంటా సుశీల ఆ జాలీ కింద నిలబడి ఉంది, మాస్కు లేకుండా. తియ్యమన్నది నేను. నేను ఎంత బాగా నా గది శుభ్రం చేసుకుంటే అంత బాగా ఆమె మీదికి పంపాను.

ఫ్యాను ఆపేశాను. జాలీకి సిమెంటు పెట్టించాను. ఆవిరి యంత్రాన్ని ముందు గదిలో కిటికీ దగ్గరికి మార్చాను. ఫ్యానుకి మిద్దె పైదాకా రేకు గొట్టం వేసేదాకా డ్రిల్ ముట్టను. ఇదంతా ఒక్కరోజులో అయిపోయింది నానమ్మా. మిగిలిన పని ఒకటే, అదే చేతకావడం లేదు. సుశీలకి ఏమని చెప్పను? చెప్పకపోతే ఎవరికీ తెలియదు. అది కూడా ఆలోచించాను. నీకు కాబట్టి రాస్తున్నాను.

నీహారిక


హుస్సేనీ ఆలం,
1 ఆగస్టు

నీహారికా,

ఉత్తరం రెండుసార్లు చదివాను. పొగ జారిన వాక్యం మూడుసార్లు. నాకు ఆ చోట ఉండాలనిపించింది, దగ్గినా సరే.

చెప్పకపోతే ఎవరికీ తెలియదన్నావు. నీకు తెలుసు, నాకు తెలుసు, వీణకి తెలుసు, లోబాన్ ఆయనకి సగం తెలుసు. రహస్యానికి ఇప్పటికే జనం ఎక్కువయ్యారు. ఆ పిల్ల మాత్రం తన తల్లిని తానే ఆ మంచం ఎక్కించానని అనుకుంటోంది. మీ నాన్న క్యారియర్ తిరిగి తెచ్చేటప్పుడు కిటికీలోంచి అన్నదట, "సారూ, నేను గా పెండ్లికి పోకుంటే అమ్మ మంచిగుండేది" అని. ఆయన నాకు చెప్పి, వెళ్ళి వాలుకుర్చీలో కూర్చుని పేపరు తిరగేసి పట్టుకున్నాడు.

వెళ్ళి చెప్పు. ఫోన్లో కాదు. ఎలా చెప్పాలన్నది నాకు తోచినంత చెబుతాను. ఏడవకు, ముందుగా క్షమించమనకు. అలా మొదలుపెడితే ఆమె నిన్ను ఓదార్చాల్సి వస్తుంది, ఆమెకి అంత తీరిక లేదు. జరిగింది చెప్పు. ఉన్నదానికన్నా ఎక్కువ చెప్పకు. పొగ దారి చూపించింది, ఆ దారిన ఎవరు నడిచారో చూపలేదు. పెళ్ళిలో వచ్చి ఉండవచ్చు, బస్తీలో వచ్చి ఉండవచ్చు. క్లినిక్కులో వచ్చి ఉండటానికి మాత్రం తలుపు బార్లా తెరిచి ఉందని, అది తెరిచింది నువ్వని చెప్పు.

రాజమణికి ఆక్సిజన్ తీసేశారట. ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపుతారట. ఆమె వచ్చాకనే వెళ్ళు.

నానమ్మ


దబీర్‌పురా,
7 ఆగస్టు

నానమ్మా,

నిన్న వెళ్ళాను. రాజమణి ముందు గదిలోనే మంచం మీద ఉంది, సగమైపోయింది. సుశీల గడపలో నిలబడింది, నేను గల్లీలో ఎండలో. నువ్వు చెప్పినట్టే ఏడవలేదు. ఫ్యాను సంగతి, సందు సంగతి, జాలీ సంగతి చెప్పాను. ఇక్కడే వచ్చిందని ఖాయంగా చెప్పలేను గానీ వచ్చి ఉండొచ్చు, మాస్కు తియ్యమన్నది నేనే, నిన్ను తీసెయ్యడం నా తప్పు, మళ్ళీ రావాలి అన్నాను. పాఠం అప్పజెప్పినట్టు మొత్తం చెప్పాను.

ఆమె నన్ను చూస్తూ ఉన్నది. కోపం లేదు, ఏమీ లేదు. "గట్లనా మేడమ్" అన్నది. "ఎండల నిలబడకుండ్రి, పోండ్రి" అని మెల్లగా తలుపు వేసింది.

తిట్టినా బాగుండేది నానమ్మా. ఆ మర్యాద భరించలేకపోయాను. నా ముఖం చూడటం కూడా ఇష్టం లేదని అర్థమైంది. ఇక రాదు. వీణకి జీతం పెంచుతాను. నువ్వు పురానాపూల్‌కి క్యారియర్ మాత్రం ఆపకు.

నీహారిక


హుస్సేనీ ఆలం,
9 ఆగస్టు

నీహారికా,

ఇవాళ ఆదివారమైనా మీ నాన్నని పంపిస్తున్నాను. ఉత్తరం రేపటికి ఆగదు. రేపటికల్లా నువ్వు ఇది చదివి ఉండాలి.

పొద్దున సుశీల వచ్చింది. క్యారియర్ గిన్నెలు తోమి, సంచిలో పెట్టి గేటుకి తగిలించి, అక్కడే నిలబడింది. నేను వరండాలో, ఆమె గేటు అవతల. ఇద్దరికీ మాస్కులు, నా చెవుల సంగతి నీకు తెలుసు. ఆమె మెల్లగా మొదలుపెట్టింది, నేను ఆఁ అన్నాను. కొంచెం గట్టిగా అంది, మళ్ళీ ఆఁ అన్నాను. చివరికి గొంతెత్తింది. గల్లీలో మేకలతో సహా అందరూ విన్నారు.

"టీచరమ్మా! మేడమ్ మొన్న ఇంటికొచ్చి ఏందేందో చెప్పింది. అదంత నిజమేనా? లేకుంటే నేను ఏడుస్తున్ననని, నా మనసు నిమ్మలం చేసెతందుకు చెప్పిందా?"

చూశావా? నువ్వు గల్లీలో నిలబడి చెప్పిందంతా ఆమె దయ అనుకుంది. వచ్చి ఉండొచ్చు, ఖాయం కాదు అని నేను నీకు నేర్పిన ఆ తూచిన మాటలు ఓదార్పు మాటల్లా వినిపించాయి. దవాఖానా నుంచి వచ్చిన ఇంటికి ఎవరో ఒకరు వచ్చి, నీ తప్పేమీ లేదమ్మా అంటారు కదా, అలాంటివే అనుకుంది. మర్యాదగా తలుపు వేసింది అందుకే. నువ్వేమో దాన్ని అసహ్యం అనుకుని వచ్చి వీణ జీతం పెంచుతానన్నావు.

నిజమేనని చెప్పాను. నమ్మలేదు. "పెద్దోళ్ళు గట్లనే అంటరు" అంది.

"సుశీలా, నా మనవరాలి సంగతి నాకు తెలుసు. దానికి అంత దయ లేదే. నిన్ను పనిలోంచి తీసేసినప్పుడు చూడలేదూ? ఉత్తుత్తి మాట చెప్పి మనసు బాగుచెయ్యడానికి ఎండలో పురానాపూల్ వచ్చే రకమేనా?" అన్నాను.

అది నమ్మింది. కొంచెం నవ్వింది కూడా. తర్వాత గేటు ఊచ పట్టుకుని అడిగింది.

"అయితే పెండ్లికి పోయినందుకు కాదా?"

"తెలియదే. కావచ్చు, కాకపోవచ్చు. అది ఎవరికీ తెలియదు. కానీ జాలీలోంచి పొగ రావడం నిజం. వీణ దగ్గింది."

"మా అమ్మ కాళ్ళు పట్టుకొని ఏడ్చిన టీచరమ్మా. డానియేలన్న ఫోన్ చేస్తే ఎత్తలె. ఒక్కపారి ఎత్తి, నీ పెండ్లే మా అమ్మను సంపుతున్నదని అన్న. గంత మాట అన్న!" అంటూ అంటూ ఉండగానే ఆమె ముఖం మారింది. మాస్కు పైన కళ్ళు చూస్తే తెలిసింది. "ఆమెనే కదా మాస్కు తియ్ తియ్ అన్నది! నేను వద్దన్న! అయినా తియ్యమన్నది! మల్ల నన్నే తీసేసింది!"

ఆ కోపం చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. నెల రోజులుగా ఆ కోపమంతా తన మీద తనే పోసుకుంది కదా. ఇప్పుడు దానికి సరైన విలాసం దొరికింది. నీది.

ముందు డానియేలు ఇంటికి పోయి వస్తానంది. ఆ తర్వాత, రేపు నీ దగ్గరికి వస్తుంది. "పనికి గాదు టీచరమ్మా, అడిగేటియి ఉన్నయ్" అని మరీ చెప్పింది. ముందు గదిలో కిటికీ దగ్గర ఆమెకి కుర్చీ వెయ్యి. నువ్వు నిలబడు. గట్టిగానే అంటుంది. మధ్యలో అందుకుని సమాధానం చెప్పకు, ఎంత నిజమైన సమాధానమైనా సరే. వీణని బయటికి పంపకు, ఆ పిల్లా వినాలి. రాజమణి ఆ మంచం మీద ఎన్ని రాత్రులు ఎలా గడిపిందో ఆమె చెబితే, తల వంచుకోకుండా విను.

అంతా అయ్యాక ఆమె లేచి చెప్పులు వేసుకుంటుంది. పనిలోకి ఎప్పుడొస్తావని అప్పుడు నువ్వు అడగాలి. ఆమె అడగదు.

నానమ్మ